పాత కంప్యూటరునకు స్వల్పవ్యయముతో రక్షణ



గ్రంథాలయ రజతోత్సవ సమయమున పుస్తకములను విడిచి కంప్యూటరును గూర్చి ప్రసంగింపనేల యని పెద్దలు కొందరు అనుకొనవచ్చును. తాటియాకు గ్రంథములకు చెదలు ఎట్టి శత్రువో, నేటి వ్రాతలకు మాల్‌వేరు అట్టి శత్రువు. వ్రాతను కాపాడుట గ్రంథాలయమువారి పనియే గనుక ఈ విషయము ఇచటికి పరాయిది కాదు.

హైదరాబాదు నగరమున అమీరుపేటకును యూసుఫ్‌గూడకును నడుమ మధురానగరు కలదు. దానికొక ప్రక్క మైత్రీవనము వద్ద కంప్యూటరు శిక్షణాలయములు; మరియొక ప్రక్క కొంత దూరము పోయినచో జూబిలీహిల్సు, ఫిలింనగరు. పల్లెలనుండి చదువునకు, ఉద్యోగమునకు పోయిన బిడ్డలెందరో ఆ ప్రాంతపు హాస్టళ్లలో, అద్దె గదులలో ఉందురు. ఉద్యోగము కుదిరి క్రొత్త ల్యాప్‌టాపు కొనినంతనే, పాతది బస్సెక్కి ఊరికి వచ్చును. నాయనగారి లెక్కలకు, చెల్లెలి చదువునకు పనికివచ్చునని వారి యభిప్రాయము. మంచిదే. కాని ఆ పంపినవారు తరచుగా చెప్పని మాట యొకటి కలదు: ఆ యంత్రమునకు ఇకమీదట కావలి యెవరు?

పాతదే గదా, పోయిన నేమి యని తేలికగా చూడరాదు. ఆ యంత్రపు కడుపులో పట్టాదారు పాసుపుస్తకపు నకలు ఉండును; పిల్లల సర్టిఫికెట్లు, ఆధారు కార్డులు, పెండ్లి ఫొటోలు ఉండును; బ్యాంకు ఖాతా పాస్‌వర్డు సైతము ఉండును. పాత బీరువా వెల ఎంత తక్కువైనను, లోపల దస్తావేజులున్నచో తాళము వేయకుందురా?

మాల్‌వేరనగా యజమాని ఎరుగకుండ కంప్యూటరులో చేరి కీడు చేయుటకై వ్రాయబడిన ప్రోగ్రాము. అది దయ్యము కాదు, తనంత తాను పుట్టదు, మనుష్యుడు వ్రాసినదే. 1986లో లాహోరు నగరమున ఇద్దరు సోదరులు వ్రాసిన ‘బ్రెయిన్’ అనునది ఫ్లాపీల ద్వారా దేశదేశములకు ప్రాకెను. వారు దానిలో తమ పేర్లు, అంగడి చిరునామా కూడ వ్రాసికొనిరి! ఈనాటి దొంగలకు ఆపాటి దాపరికములేనితనము కూడ లేదు. కొన్ని మాల్‌వేరులు పాస్‌వర్డులను దొంగిలించును. కొన్ని యంత్రమును బానిసగా చేసికొని ఇతరులపై దాడికి వాడుకొనును. అన్నిటికంటె క్రూరమైనవి ఫైళ్లకు తాళము వేసి సొమ్ము అడుగునవి. వానిని ర్యాన్సమ్‌వేరు అందురు.

అట్టిదొకటి 2017 మే 12వ తేదీన లోకము మీద పడెను. దాని పేరు ‘వాన్నాక్రై’. కొలది దినములలోనే సుమారు 150 దేశములలో 2 లక్షలకు మించిన కంప్యూటర్లు దాని వాత పడినవి. 300 డాలర్లు బిట్‌కాయిను రూపమున చెల్లించిననే తాళము తీయుదునని అది తెరమీద వ్రాసి చూపెడిది. ఇంగ్లండులో కొన్ని ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసివచ్చెను. ఆంధ్రప్రదేశమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలలో పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని చిక్కుకొన్నవి. ఊరికి కావలి కాయువారి యింటనే దొంగ ప్రవేశించినట్లయ్యెను.

ఇచట కొంచెము నిలిచి తేదీలు చూడవలెను. లెక్కలలో తేదీ తప్పినచో న్యాయమే తప్పును గదా. వాన్నాక్రై చొరబడుటకు ఉపయోగించుకొన్నది విండోసులోని యొక లోపము. ఫైళ్లను ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరునకు పంచుకొను భాగములో అది యుండెను. ఆ లోపమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు కంపెనీవారు 2017 మార్చి 14వ తేదీననే ఉచితముగా విడుదల చేసియుండిరి. అనగా మందు వచ్చిన 59 దినములకు రోగము వచ్చినది! అప్‌డేటు చేయుమని యంత్రము అడిగినపుడెల్ల ‘తరువాత’ అను మీట నొక్కినవారు ఆ 59 దినములను చేజార్చుకొనిరి. ఇంకొక విశేషము. 2014 ఏప్రిలు 8తో కాలము తీరిపోయిన విండోస్ ఎక్స్‌పీయే ఇన్ని అనర్థములకు మూలమని అపుడు పలువురు తలంచిరి. పరిశోధకులు లెక్క తీయగా, వాత పడినవానిలో అత్యధిక భాగము విండోస్ 7 గలవని తేలెను. ఆ విండోస్ 7నకు అప్పటికి సవరణలు వచ్చుచునే యుండెను. కనుక అచట చెరచినది యంత్రపు వయస్సు కాదు, ఉపేక్ష.

ఈ దృష్టితో చూచినచో పాత కంప్యూటరు గలవారు మొట్టమొదట తెలిసికొనవలసినది, దానికి సవరణలు ఇంకను వచ్చుచున్నవా లేదా యను సంగతి. విండోస్ 7నకు 2020 జనవరి 14తో ఆగిపోయినవి. విండోస్ 10నకు 2025 అక్టోబరు 14తో సామాన్య సవరణలు ముగిసినవి. అయితే ఇండ్లలోని కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు పొందు మార్గమొకటి ఇచ్చిరి. సెట్టింగుల నకలును మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రపరచుట కంగీకరించినవారికి అది ఉచితము. ఈ సంగతి తెలియక, ‘యంత్రము పని అయిపోయినది, క్రొత్తది కొనుడు’ అను మాట నమ్మి సొమ్ము వ్యయపెట్టరాదు. విండోస్ 11 పాత యంత్రములనేకము అంగీకరింపదు, దానికి టీ.పీ.ఎం. 2.0 అను భద్రతా భాగము, కొంత నవీనమైన ప్రాసెసరు ఉండవలెను.

విండోస్ 10లో డిఫెండరు అను యాంటీవైరసు ఉచితముగానే యున్నది. సామాన్య గృహస్థునకు అది చాలును. సంవత్సర చందా కట్టి వేరొకటి కొనుట అవశ్యము కాదు. రెండు యాంటీవైరసులను ఒకేమారు పెట్టుకొనుట పాత యంత్రమును పడకపెట్టుటయే. కాని యాంటీవైరసు ఇంటి ముందరి కావలివాడు మాత్రమే. సవరణలు ఆగిపోయిన విండోసనగా గోడకు కన్నము పడి పూడ్చువాడు లేని యిల్లు. కావలివాడు ముంగిట నిలిచియుండగనే దొంగ పెరటినుండి వచ్చును.

మరి సవరణలు బొత్తిగా రాని యంత్రమును పారవేయవలెనా? అక్కరలేదు. లినక్సు కలదు. లినక్స్ మింటు, లుబుంటు మొదలగునవి ఉచితముగా లభించును, సవరణలును ఉచితముగా వచ్చును, వానిలో తెలుగు వ్రాయవచ్చును, చదువవచ్చును. పెన్‌డ్రైవుమీద ఎక్కించి, కంప్యూటరులోని దానిని కదలింపకయే మొదట నడిపి చూడవచ్చును. నాలుగు గిగాబైట్ల ర్యామున్న యంత్రమునకు ఇవి నప్పును. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ అను సంస్థవారు స్వేచ్ఛా సాఫ్టువేరును తెలుగువారికి పరిచయము చేయుచు తెలుగులోనే యొక లినక్సును సిద్ధపరచిరి. ఉత్తరములు వ్రాయుటకు, లెక్కల పట్టికలు వేయుటకు, ఇంటర్నెట్టు చూచుటకు ఇంతకు మించి కావలసినదేమి? యంత్రము మరీ మందముగా నడచుచున్నచో సికింద్రాబాదు పార్కు లేనులోని చెనాయ్ ట్రేడు సెంటరువంటి చోట ఎస్.ఎస్.డి. ఒకటి వేయించినచో, క్రొత్త ల్యాప్‌టాపు వెలలో చిన్న భాగముతోనే దానికి మరల ప్రాణము వచ్చును.

లినక్సునకు మారలేనివారును కలరు. పెండ్లి పత్రికలు, కరపత్రములు కూర్చు డీ.టీ.పీ. దుకాణములవారు పేజ్‌మేకరును, అను ఫాంట్లను నమ్ముకొని పాత విండోసునే ఉంచుకొందురు. వారిని తప్పుపట్టుటకు లేదు. చేతికలవడిన పనిముట్టును ఎవరు విడుతురు? అట్టి యంత్రమునకు ఇంటర్నెట్టు తీగను తీసివేయుటయే రక్ష. అక్షరకూర్పునకు ఇంటర్నెట్టు అక్కరలేదు గదా. బ్యాంకు వ్యవహారము మాత్రము దానిలో ఎన్నడును చేయరాదు.

తీగ తీసినను పెన్‌డ్రైవు వచ్చును. దుకాణమునుండి ఇంటికి, ఇంటినుండి బడికి, బడినుండి గ్రంథాలయమునకు తిరుగు పెన్‌డ్రైవు తన వెంట వ్యాధిని గూడ త్రిప్పును. ఫోల్డర్లన్నియు మాయమై వాని స్థానమున చిన్న బాణము గుర్తుగల షార్టుకట్లు కనబడుట పలువురు చూచియే యుందురు. అట్టి సమయమున గుండె చెదరి ఆ బాణములమీద నొక్కరాదు, పెన్‌డ్రైవును ఫార్మాటు చేయరాదు. సాధారణముగా ఫైళ్లు పోవు, దాచబడి యుండును. యాంటీవైరసుతో శుభ్రపరచి, దాచిన ఫైళ్లను చూపుమని కోరినచో తిరిగి కనబడును. కేంద్రప్రభుత్వమువారు 2017 ఫిబ్రవరిలో ‘సైబర్ స్వచ్ఛతా కేంద్రము’ స్థాపించి ఉచితముగా ఇచ్చిన పరికరములలో ‘యూ.ఎస్.బి. ప్రతిరోధ్’ అనునది పెన్‌డ్రైవులను అదుపుచేయుటకే ఏర్పడినది. దానిని తయారుచేసినది హైదరాబాదులోని సీ-డాక్ సంస్థ.

ఇక ఉచిత సినిమాల మాట. కోట్ల రూపాయలు వెచ్చించి ఫిలింనగరు ప్రాంతమున తీసిన చిత్రము విడుదలైన రెండవ దినముననే దొంగ సైటులో ఊరికే వచ్చుచున్నదన్నచో, ఆ సైటువాని యన్నవస్త్రములు ఎచటినుండి వచ్చుచున్నవో ఆలోచింపవలదా? 2025 నవంబరులో ‘ఐబొమ్మ’ సైటును నడపుచున్నాడను అభియోగముపై ఒకనిని హైదరాబాదు పోలీసులు పట్టుకొన్నపుడు ఈ వ్యాపారము పత్రికలకెక్కెను. ఇట్టి సైట్లలో ‘డౌన్‌లోడు’ అని మెరయు మీటలు పెక్కు. సినిమాకు పోవునది ఒక్కటియు కాకపోవచ్చును. ఒకటి జూదపు యాపునకు, ఒకటి మాల్‌వేరునకు దారి తీయును. దొంగ విండోసును, తాళము పగులగొట్టిన సాఫ్టువేరును వేయించుకొనుటయు ఇట్టిదే. ముందుగా యాంటీవైరసును ఆపివేయుమని కోరు సాఫ్టువేరు ఏ ఉద్దేశముతో వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు.

కాసు ఖర్చులేని ఉపాయము మరియొకటి. ఇంటిలో అందరును అడ్మినిస్ట్రేటరు ఖాతాతోనే కంప్యూటరు తెరచుచుందురు. పిల్లలకు, నిత్యవ్యవహారమునకు సాధారణ ఖాతా యొకటి వేరుగ ఏర్పరచి, అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డును ఇంటి పెద్ద ఉంచుకొనవలెను. క్రొత్త ప్రోగ్రాము చేరదలచినపుడు చాలమారులు యంత్రము ఆ పాస్‌వర్డు అడుగును. ధాన్యపుగది తాళపుచెవి అందరి చేతికి ఇయ్యకుండుటవంటిదే ఇది.

ఇంత చేసినను ప్రమాదము రానే రాదని ఎవరును హామీ ఇయ్యజాలరు. కనుక నకలు కావలెను. ఈ విషయమున పూర్వులు చాల జాగరూకులు. తాటియాకు కొన్ని తరములు నిలిచి శిథిలమగునని ఎరిగి మరల మరల వ్రాయించిరి. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులకెక్కి తిరుమల ఆలయములో భద్రమైనందుననే నేటికి వేలకొలది లభించినవి. రేకులు దొరకనివి దొరకలేదు. కడపలో చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర పండితులకు జీతములిచ్చి గ్రంథములకు ప్రతులు వ్రాయించినది తెలిసినదే. ఒక్క ప్రతియే యున్న గ్రంథము ఉన్నదనుకొనుటకు వీలులేదని వారందరి నమ్మకము. కంప్యూటరులోని వ్రాతలకును అంతే. ముఖ్యమైన ఫైళ్లను వారమునకొకమారు బయటి హార్డుడిస్కునకెక్కించి, ఎక్కించిన వెంటనే దానిని ఊడదీసి బీరువాలో పెట్టవలెను. ఊడదీయుట ముఖ్యము. తగిలించియుంచిన డిస్కును ర్యాన్సమ్‌వేరు అసలుతోబాటు తాళము వేయును. ఇంకొక ప్రతి వేరొక ఇంట, మధురానగరులోని బిడ్డ వద్దనే యుండుట మరియు మేలు. ఏడాదికి రెండు మూడుమారులు ఆ నకలునుండి ఒక ఫైలు తెరచి చూచుచుండవలెను. తెరువరాని నకలు నకలు కాదు.

ఆపద వచ్చినపుడు ముందు ఇంటర్నెట్టు తీగ పీకవలెను, వై-ఫై ఆపవలెను. 2020 అక్టోబరు 22న హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ తనపై సైబరు దాడి జరిగినదని గుర్తించి, మొదట చేసినది తన డేటాకేంద్రముల సేవలన్నిటిని విడదీయుటయే. అంత కంపెనీకి ఏది మొదటి పనియో ఒంటి కంప్యూటరు గల యింటికిని అదియే. పిమ్మట వేరొక శుభ్రమైన యంత్రమునుండి గాని ఫోనునుండి గాని బ్యాంకు, ఈమెయిలు పాస్‌వర్డులు మార్చవలెను. దొంగకు సొమ్ము చెల్లింపరాదు. చెల్లించినను తాళము తీయునన్న పూచీ లేదు. 2016లో యూరపు పోలీసు సంస్థ యూరోపోల్ మొదలగువారు కలిసి స్థాపించిన ‘నో మోర్ ర్యాన్సమ్’ సైటులో కొన్ని ర్యాన్సమ్‌వేరులకు విడుదల పరికరములు ఉచితముగా కలవు. తాళము పడిన ఫైళ్లను చెరిపివేయక అచట వెదకి చూడవలెను. బ్యాంకు సొమ్ము పోయినచో మాత్రము ఆలస్యము కూడదు. ఎంత శీఘ్రముగా తెలిపిన సొమ్మును ఆపుటకు అంత వీలు. అందుకు దేశమంతటికి ఒకటే ఫోను నంబరు కలదు: 1930. దీనిని ఒక కాగితముమీద వ్రాసి కంప్యూటరు ప్రక్క గోడకు అతికించుడు. కంప్యూటరులోనే వ్రాసి పెట్టుకొన్నచో ఆనాటికి అది తెరచుకొనదు.