గేదె చేపాలంటే మెదడు ఒప్పుకోవాలి

ఇవాళ చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. పాలు పిండే ముందు దూడని కాసేపు వదిలి, మళ్లీ లాగి కట్టేస్తారు కదా. ఎందుకు? మనిషి ఎంత గట్టిగా పిండినా రాని పాలు, దూడ మూతితో నాలుగు పొడుపులు పొడవగానే ఎలా వస్తున్నాయి?

మన ఊళ్లల్లో దీనికి చక్కటి మాట ఉంది, చేపడం. "గేదె చేపింది", "ఇంకా చేపలేదు" అంటారు. (కూర వండుకునే చేపకీ దీనికీ సంబంధం లేదండోయ్!)

పొదుగు అంటే ట్యాంకు, చన్ను అంటే ట్యాప్ అనుకుంటాం. కాదు. పొదుగు లోపల స్పాంజిలాగా లెక్కలేనన్ని బుల్లి పాల సంచులుంటాయి. పాలు తయారయ్యేది అక్కడే, ఎక్కువ భాగం ఆగిపోయేదీ అక్కడే. ఆవుకైతే దాదాపు 20 శాతం పాలు చన్నుల పైనుండే ఖాళీలోకి దిగి రెడీగా ఉంటాయి. గేదెకి 5 శాతం దగ్గరే. మిగతావి దిగాలంటే మెదడు నుంచి ఆర్డర్ రావాలి.

దూడ చన్ను పట్టగానే అక్కడి నరాలు వెన్నుపాము మీదుగా మెదడులోని హైపోథాలమస్‌కి కబురు పంపుతాయి. అక్కడ కొన్ని నరాల కణాలు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ తయారు చేసి, పిట్యూటరీ గ్రంథి వెనక భాగంలో ముందే స్టాక్ పెట్టుకుని ఉంటాయి. కబురు అందగానే దాన్ని రక్తంలోకి వదిలేస్తాయి. ప్రతి పాల సంచి చుట్టూ కండరంలా పనిచేసే కణాలు వలలా అల్లుకుని ఉంటాయి. ఆక్సిటోసిన్ తగలగానే అవి బిగుసుకుంటాయి, పాలు కిందికి దిగుతాయి. అంటే కబురు వెళ్లేది నరాల్లో, జవాబు వచ్చేది రక్తంలో. అందుకే ఆలస్యం. ఆవుకి ఓ నిమిషం పడితే, గేదెకి రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పైగా ఆ హార్మోన్ రక్తంలో ఉండేది కొన్ని నిమిషాలే. చేపాక ఫోన్ చూస్తూ కూర్చుంటే అంతే సంగతులు!

జవాబు రక్తంలో వస్తుందని ఎలా తెలిసింది? 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆవు పొదుగులో సగానికి నరాలు కత్తిరించి చూశారు. నరాల్లేని సగం కూడా చేపింది! ఇంకోటి కూడా చేశారు. ఆవు వీపు మీద పిల్లిని పెట్టి, పక్కన కాగితం సంచులు ఊది టప్పుమని పేల్చారు. అంతే, పాలు ఆగిపోయాయి. భయపడితే అడ్రినలిన్ వస్తుంది, అది ఆక్సిటోసిన్ పని సాగనివ్వదు. పాకలోకి కుక్క దూరినా, పిండేవాడు కసిరినా, కొత్త మనిషి వచ్చినా జరిగేది ఇదే. "ఎగచేపింది, పొగరు" అని గేదెని తిడతారు గానీ, దాని చేతిలో ఏముంది?

మనుషుల్లోనూ ఇదే వైరింగ్. బిడ్డ ఏడుపు వినగానే కొందరు తల్లులకి పాలు వాటంతటవే కారతాయి. నొప్పి, ఆందోళన ఉంటే పాలు ఉండి కూడా దిగడం ఆలస్యమవుతుంది. బాలింత పక్కన నిలబడి "నీకు పాలు పడలేదు" అనే చుట్టాలకి ఈ వీడియో పంపండి.

ఇక అసలు గొడవ. దూడ చచ్చిపోయినా, అమ్మేసినా గేదె చేపదు. ఒకప్పుడు చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ముందు నిలబెట్టేవాళ్లు. ఇప్పుడు కొందరు ఆక్సిటోసిన్ సూది పొడుస్తున్నారు. నరాలతో పనిలేకుండా హార్మోన్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది కాబట్టి పాలు దిగుతాయి. కానీ రోజూ పూటపూటా పొడిస్తే, కొన్నాళ్లకి సూది లేకుండా సరిగా చేపడం మానేస్తుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 12 ప్రకారం, పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజెక్షన్ ఇవ్వడం నేరం.

"ఆ పాలు తాగితే మనకేమైనా అవుతుందా?" అని చాలామంది అడుగుతారు. ఆక్సిటోసిన్ అంటే 9 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, ప్రొటీన్ ముక్కలాగే మన పొట్టలో అరిగిపోతుంది. నన్నడిగితే, ఇక్కడ ఆలోచించాల్సింది మన గురించి కాదు, సూది పడుతున్న గేదె గురించి.

సూది లేకుండా అలవాటు చేయొచ్చు. రోజూ అదే టైమ్, అదే మనిషి, ముందు కాస్త దాణా, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి మెల్లగా నిమరడం. కొన్నాళ్లకి బకెట్ చప్పుడు వినగానే చేపే గేదెలు ఉన్నాయి.

సరే మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!