దాచిన గింజ, పంచిన గింజ

దినమంతయు ఎవరి వృత్తిలో వారు మునిగియున్న పిమ్మట మిగిలిన కొద్దిపాటి తీరికను ఎట్లు గడుపుదురో చూచినచో మనుష్యుని స్వభావము కొంత తెలియును. ఒకరు తపాలాబిళ్లలు కూర్చుకొందురు. ఒకరు చదరంగపు బల్ల ముందు కూర్చుందురు. నగరములలో కలిగినవారు కొందరు గోల్ఫు ఆడుదురు. ఈ ఆట మన దేశమునకు క్రొత్తది కాదు. కలకత్తాలో 1829లోనే దీనికొక క్లబ్బు ఏర్పడెను. బ్రిటిషు దీవులకు వెలుపల నేటికిని నిలిచియున్న గోల్ఫు క్లబ్బులలో అదియే మిక్కిలి పాతదని ప్రసిద్ధి. ముచ్చటైన ఆటయే. కాని పదునెనిమిది గుంటల మైదానమునకు సాధారణముగా 100 ఎకరములకు పైగా నేల కావలెను. అంత నేలలో మా పెరడు వంటి 5 సెంట్ల పెరళ్లు 2,000 పట్టును. వారు గుంటలో బంతి పడవేయుటకు మైళ్లకొలది నడచుదురు. మేము గుంటలో గింజ పడవేసి, అది మొలచువరకు ఉదయము సాయంకాలము దాని చుట్టు తిరుగుదుము. రెండింటను ఓపికయే ప్రధానము.

మాది పామర్రు. విజయవాడనుండి బందరు పోవు బాటకు గుడివాడ బాట వచ్చి కలియు ఊరు. విజయవాడ వద్ద కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన నాటినుండి మా ప్రాంతపు నల్లనేలలు వరికి అంకితమైనవి. ఆ ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశము బరాజు వెలసెను. పొలమును, దాని లెక్కలును, దాని అప్పులును మగవారివి. ఇంటి వెనుకనున్న పెరడు మాత్రము ఆడువారి రాజ్యము. నూతి నీరు పారు చోట అరటి, గోడ ప్రక్క మునగ, గొడ్లసావిడి కప్పుపైకి ఆనపపాదు, పందిరికి చిక్కుడు. అందు రాబడి చూచుకొనువారు లేరు. పూచినదా, కాచినదా అని చూచుకొనుటయే అందలి వినోదము.

మా ఇంట నాయనమ్మనాటి కావడిపెట్టె యొకటి కలదు. పెడనలో చెక్క అచ్చులతో అద్దిన కలంకారీ దుప్పటి, వెండి కుంకుమభరిణె, మా ముత్తాత పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించిన ఇత్తడి చెంబు మొదలైనవి దానిలో నున్నవి. ఇట్టివి అందరి ఇండ్లలోను ఉండును. చెంబుపై నున్న పేరు ఎవరిదో చెప్పగలవారు ఉన్నంతకాలము అది జ్ఞాపిక. చెప్పువారు లేనినాడు, పాత సామానులు కొనువాని త్రాసులో అది ఇత్తడి మాత్రమే. అయితే నేడు మేము చెప్పదలచినది ఆ పెట్టెలోని వస్తువును గురించి కాదు. వంటయింటి దూలమునకు వ్రేలాడుచుండిన ఒక ఎండు ఆనపబుర్రను గురించి.

మా నాయనమ్మ పుట్టినిల్లు దివిసీమలో నాగాయలంక సమీపమున నొక చిన్న గ్రామము. ఆమె కాపురమునకు వచ్చునపుడు తల్లి పిడికెడు చిక్కుడు గింజలు కొంగున ముడివేసి పంపెను. నల్లని గింజ, దాని అంచున తెల్లని గీత. ఊదారంగు పూవు, వెడల్పైన కాయ. మా ఇంటిలో దానికి ‘దివి చిక్కుడు’ అని పేరు. ఈ పాదునకు తొందర యుండదు. ఆషాఢమున విత్తినను శ్రావణ భాద్రపదములలో తీగయు, ఆకులే. పగటి నిడివి తగ్గి రాత్రులు పెరిగిన పిమ్మటగాని ఇట్టి పాతకాలపు రకములు పూతకు రావు. ఆకు విస్తారముగా పెరిగి పూత కానరాలేదని విసిగి తీగను కోసివేయబోయిన కోడలిని నాయనమ్మ ఎన్నిమారులో వారించెను. పుష్య మాఘములలో కాపు ముమ్మరము. రథసప్తమినాడు చిక్కుడుకాయలతో సూర్యునకు రథము కట్టి, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించు ఆచారము ఆ కాపుకాలమునకు ఎంత చక్కగా అమరినదో చూడుడు.

గింజ కట్టుటయు ఆమె ఒక వ్రతమువలె చేసెడిది. పందిరి నడుమ కాసిన నిండుకాయలకు గుర్తుగా నూలుపోగు కట్టి విడిచిపెట్టును. అవి తీగమీదనే ఎండి గలగలలాడిన తరువాత ఒలిచి, నీడన ఆరబెట్టి, పొయ్యిబూడిదతో కలిపి ఆనపబుర్రలో పోసి, మూతికి పేడ మెత్తును. పొయ్యికి పైన వ్రేలాడదీయుటచే నిత్యము పొగ తగిలి చెమ్మయు పురుగును దూరముగా నుండును. అడిగినవారికెల్ల పిడికెడు గింజలు పెట్టుట ఆమెకు అలవాటు. మా తాతగారికిది నచ్చెడిది కాదు. “ఊరందరికీ పంచితే మనింటి చిక్కుడని చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?” అనెడివారు. ఆమె నవ్వి ఊరకుండెడిది.

తరువాత బజారులో విత్తనపు పొట్లములు దొరకసాగెను. త్వరగా కాపునకు వచ్చు రకములు వచ్చెను. నాయనమ్మ పెద్దదై పెరటిపని కోడళ్లకు వదలెను. మూడు నాలుగేండ్లు మేము దివి చిక్కుడు వేయనేలేదు. గింజలు బుర్రలో భద్రముగా నున్నవిగదా అని మా ధైర్యము.

1977 నవంబరు 19వ తేదీ శనివారమునాడు తుపాను దివిసీమపైకి సముద్రమును తెచ్చెను. పామర్రునకు గాలి వచ్చినది, సముద్రము రాలేదు. మా తాటాకుల సావిడి ఎగిరిపోయెను, కొబ్బరిచెట్లు కూలెను. అంతటితో మా కష్టము తీరెను. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో ఉప్పెన ఊళ్లకు ఊళ్లను తుడిచివేసెను. పోయినవారు 10,000 మందికి తక్కువ కారు. బందరువారికి ఇట్టి దెబ్బ పూర్వమే తెలియును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో ఆ పట్టణమునందును, చుట్టుప్రక్కలను సుమారు 30,000 మంది మరణించిరి. పుట్టినింటనే ఉండిన మా నాయనమ్మ చెల్లెలును, ఆమె బిడ్డలిద్దరును ఆ శనివారపు రాత్రి పోయిరి. తమ్ముడు తాడిచెట్టును కరచుకొని బ్రతికెను. ఇంటికి ఆనవాలుగా పునాది మాత్రము మిగిలెను. అచ్చటి కావడిపెట్టె ఎటు కొట్టుకొనిపోయెనో చూచినవారు లేరు.

మరుసటి వేసవి చివర ఆ తమ్ముడు పామర్రు వచ్చెను. మేము అప్పటికి బడికి పోవు పిల్లలము. ఉప్పునీరు నిలిచిన నేల మంచినీటితో కడిగికొని పోయినగాని పైరునకు పనికిరాదు. తొలకరి వానలు పడినచో ఇంటివెనుక కొద్ది జాగా పనికివచ్చునని అతడు చెప్పెను. నాయనమ్మ కావడిపెట్టె తెరచి, తల్లి గుర్తుగా తనకున్న కుంకుమభరిణెను అతని చేతిలో పెట్టబోయెను. అతడు తీసికొనలేదు.

“అది నీ దగ్గరే ఉండనీ అక్కా. అమ్మ నీకిచ్చిన చిక్కుడు గింజలుంటే నాలుగు పెట్టు. చిన్నక్క ఏటేటా పెట్టే పాదు. అది కనిపిస్తే ఇల్లు ఇల్లులా ఉంటుంది” అనెను.

దూలమునుండి బుర్రను దింపిరి. పేడమూత విప్పి చేటలో పోసిరి. బూడిదతోకూడ పిండి రాలెను. గింజగింజకును సూదితో పొడిచినట్లు రంధ్రము. ఇంటికి కిరసనాయిలు స్టౌ వచ్చిన నాటినుండి బుర్రకు పొగ తగులుట లేదన్న సంగతి మాలో ఎవ్వరికిని తట్టలేదు. మంచివిగా తోచిన పదునొకండు గింజలను ఏరి తడిగుడ్డలో మూటకట్టి కొన్ని దినములు చూచితిమి. ఒక్కటియు మొలక ఎత్తలేదు. ఉప్పెన వార్త విన్ననాడు మా యెదుట కంటతడి పెట్టని నాయనమ్మ, ఆ తడిగుడ్డ విప్పిననాడు ఏడ్చెను.

మరునాడామె చేతికర్ర పట్టుకొని ఊరిలోనికి బయలుదేరెను. మేమును వెంట నడచితిమి. తాను గింజలు పెట్టిన ఇండ్లన్నియు ఆమెకు జ్ఞాపకమే. మొదటి రెండిండ్లవారు ఆ పాదు వేయుట ఎప్పుడో మానివేసిరి. మూడవ ఇంటివారు ఆ యేటి కాపునంతయు కూరకే వాడుకొనిరి. ఊరి చివర, పాలు పోసి బ్రతుకు నొక ఇల్లాలు మాత్రము ఏటేట విడువక వేయుచుండెను. తుపానునకు పందిరి పడినను తీగ నేలబారున ప్రాకి కాసినదట. ఆమె సోలెడు గింజలు తెచ్చి నాయనమ్మ కొంగులో పోసి, “మీ సొమ్మే గదమ్మా” అనెను.

ఆ సోలెడులో సగము దివికి పోయెను. సగము మా పెరటికి వచ్చెను. రెండేండ్ల తరువాత మేము కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ దాటి ఆ గ్రామమునకు పోయినపుడు క్రొత్త ఇంటి వెనుక పందిరినిండ ఊదాపూవులు. ఇరుగుపొరుగువారు అప్పటికే గింజలు పట్టుకొనిపోయిరి. మేము ‘దివి చిక్కుడు’ అనుచుండిన దానికి అచ్చట ‘పామర్రు చిక్కుడు’ అని పేరు వచ్చినది.

మేము దాచినది పుచ్చిపోయెను. ఆమె పంచినది మిగిలెను. తాతగారి ప్రశ్నకు సమాధానము ఇట్లు దొరికెను. కుటుంబపు జ్ఞాపికలలో కొన్ని పెట్టెలో దాచినచో నిలుచును, చెంబు అట్టిది. కొన్ని చేతులు మారుచున్నగాని నిలువవు; గింజ అట్టిది. ఏది ఎట్టిదో తెలిసికొనలేకపోవుటయే మేము చేసిన పొరపాటు.

పామర్రునుండి దివికి పోవు బాటలోనే యున్న కూచిపూడిని చూడుడు. ఆ నాట్యము తరతరములుగా ఆ గ్రామమునందలి కొన్ని కుటుంబముల మగవారి ఇంటివిద్య. ఇరువదవ శతాబ్దమున వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకును దానిని నేర్పిరి. వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్టు అకాడమీ నెలకొల్పి ఎందరినో తీర్చిదిద్దిరి. ఇల్లు దాటినందున ఆ విద్య తరిగిపోలేదు. నేడు సముద్రముల కవ్వల కూడ పిల్లలు ఆ గ్రామము పేరు చెప్పుకొని గజ్జె కట్టుచున్నారు.

లోకమంతయు ఇప్పుడు ఈ మాటనే వేరొక విధముగా గ్రహించినది. ఉత్తరధ్రువమునకు దగ్గరగా, నార్వే దేశమునకు చెందిన స్వాల్బార్డు దీవులలో 2008లో ఒక కొండను తొలిచి విత్తనాగారము తెరచిరి. అందు సున్నకు 18 డిగ్రీల దిగువ చలిలో దేశదేశముల గింజలు దాచియున్నవి. సిరియాలోని అలెప్పో నగరము వద్ద నొక అంతర్జాతీయ సంస్థకు గొప్ప విత్తనసంపద యుండెను. యుద్ధమువలన అది ఆ సంస్థకు అందకుండ పోగా, ముందుగనే స్వాల్బార్డునకు పంపియుంచిన గింజలను 2015లో తిరిగి తెప్పించుకొని, లెబనాను, మొరాకో దేశములలో విత్తి పెంచిరి. పండిన గింజలను మరల 2017లో ఆ కొండకు పంపిరి. మా ఊరి చివరి ఇల్లాలు చేసిన పనియు ఇదియే. అయితే ఆమెకు కొండ లేదు, చలి లేదు. ఏటేట విత్తుటయే ఆమె యెరిగిన ఉపాయము.

ఇక పెరటి ముచ్చట గలవారికి కొన్ని మాటలు. చిక్కుడు చాలవరకు తన పూవులో తానే ఫలించును. కావున రకము నిలుకడగా వచ్చును. ఆనప, బీర, గుమ్మడి పాదులలో మగపూవు వేరు, ఆడుపూవు వేరు. తేనెటీగలు, రెక్కలపురుగులు పుప్పొడిని గోడలు దాటించును. మా ఆనపపాదున కట్టిన గింజలో పొరుగింటి పాదు పాలు కూడ ఉండును. ఆ రకము నిలువవలెనన్న వీధివారందరును దానినే వేయుట మంచిది. బజారున కొన్న సంకరజాతి విత్తనమునుండి గింజ కట్టినచో మరుసటి యేడు మొక్కలు ఒక్కతీరున రావు. అది విత్తనపు దోషము కాదు, దాని స్వభావము. మన 2001 నాటి చట్టమును రైతు తన పంట గింజను దాచుకొనుటకు, తిరిగి విత్తుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు గల హక్కును గుర్తించినది.

మీ ఇంట అమ్మనాటిదో, అత్తగారినాటిదో ఒక పాదు ఉన్నచో, దాని గింజను రెండేండ్లకు మించి ఊరక ఉంచకుడు. ఒక చీటిమీద దాని పేరు, ఎవరి పుట్టినింటనుండి ఏ యేట వచ్చినది, ఏ మాసమున విత్తవలెను వ్రాసి గింజలతో పాటు ఉంచుడు. రెండిండ్లకైనను పంచుడు, అందొకటి మరియొక ఊరిలో నుండుట మేలు. ఒకే గాలి రెండూళ్లను ఒక్కవిధముగా కొట్టదు. ఇచ్చిన ఇండ్ల పేర్లు కూడ వ్రాసియుంచుకొనుడు. మా నాయనమ్మకు అవి కంఠస్థము. మనకు అంతటి జ్ఞాపకము లేదు.

ఆ ఆనపబుర్ర నేటికిని మా ఇంట నున్నది. దానిలో గింజలు పోయుట లేదు. కావడిపెట్టెలో చెంబు ప్రక్కన ఉంచితిమి. గింజలు మాత్రము ఏటేట ఆషాఢములో నేలకు పోవుచున్నవి, మాఘములో కొన్ని మా చేతికి, కొన్ని అడిగినవారి కొంగుకు వచ్చుచున్నవి.