మా యింటికి నీటి మీటరు వచ్చినది
(రేడియో ప్రసంగ పాఠము)

 ఈ దినమున మీతో పంచుకొనగోరుచున్న సంగతి చాల చిన్నది. విజయవాడలో మేము నివసించు అపార్టుమెంటులో ఇంటింటికిని నీటి మీటర్లు పెట్టించుకొన్నాము. ఇందులో చెప్పుటకు ఏమున్నదని మీరు నవ్వవచ్చును. కొంచెము ఓపికతో వినండి.

ఎవడైనను దుబారా చేసినయెడల "వాడు డబ్బును నీళ్ళలాగా ఖర్చు పెడుతున్నాడు" అని మనము అందుము. అనగా నీళ్ళకు లెక్క చూడనక్కరలేదని మన ఉద్దేశ్యము. కృష్ణ ఒడ్డున ఉన్న మనకు ఆ ఉద్దేశ్యము ఇంకను ఎక్కువ. ప్రకాశం బ్యారేజి మీద నిలువబడి చూచినయెడల నీటికి కొదువ ఎక్కడిది? 2024 సెప్టెంబరు మొదటి దినములలో ఆ బ్యారేజి గుండా సెకనుకు 11 లక్షల 43 వేల ఘనపుటడుగుల వరద సముద్రమునకు పోయెను. అవే దినములలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతము మునిగినప్పుడు, చుట్టూ నీళ్ళే ఉండగా, మేడల మీద జనులు త్రాగు నీటి కొరకు చేతులు చాచిరి. దానిని చూచిన మనము మరుసటి వేసవి రాకముందే మరచిపోతిమి. నేనును మరచినవాడనే.

నేను దివిసీమలో పుట్టినవాడను. సముద్రము దగ్గర గ్రామములలో బోరు వేసిన ఉప్పునీరే. కాలువకు నీరు వదిలినప్పుడు చెరువు నింపుకొని, కాలువలు కట్టివేసిన వేసవి నెలలన్నియు ఆ చెరువు నీటితోనే గడుపవలెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆ చెరువులు కూడ ఉప్పునీటి పాలాయెను. మా యింటికి కావడితో నీళ్ళు తెచ్చు మనిషి యుండెను. కావడికి రెండు బిందెలు. మా అమ్మ వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టి, నెలాఖరున లెక్క చూచి డబ్బులిచ్చెడిది. ఆ గీతలు ఎన్నున్నవో మా పిల్లలందరికిని తెలిసేది. పట్టణము వచ్చి పంపు త్రిప్పుట నేర్చుకొన్న తరువాత ఆ లెక్క పోయినది.

మా అపార్టుమెంటులో పండ్రెండు ఫ్లాట్లు. మునిసిపల్ నీరు, బోరు నీరు, వేసవిలో కొన్న ట్యాంకరు నీరు, అన్నియు ఒకే సంపులో కలిసి పై ట్యాంకుకు ఎక్కును. ఖర్చును పండ్రెండు సమాన భాగములు చేయుదుము. ఆ డబ్బు వసూలు చేయువాడను నేనే. 2025 వేసవిలో ట్యాంకర్లు ఎక్కువాయెను, మాటలును ఎక్కువాయెను. గెరారు లోయలో ఇస్సాకు దాసులు త్రవ్విన బావికి ఏశెకు, అనగా జగడము, అని పేరు వచ్చిన సంగతి మీరెరుగుదురు. మా సంపుకు కూడ ఆ పేరు పెట్టవచ్చును. మూడవ అంతస్తులో ఏడుగురున్న కుటుంబము ఒకటి ఉన్నది. నీళ్ళన్నియు వారే త్రాగివేయుచున్నారని మేము అంటిమి. మేము అంటిమి అనుటకన్న నేను అంటిని అనుట సత్యము. క్రింది ఫ్లాటులో ఒంటరిగా ఉండు ఒక మామ్మగారు మాత్రము ఏమియు అనక ఆరు సంవత్సరములుగా తన వంతు ఇచ్చుచు వచ్చెను. మీటర్లు పెట్టించుదమని పట్టుబట్టినవాడను నేనే. ఎవరు దోషులో తేలవలెనని నా కోరిక.

ప్లంబరు వచ్చి చూచి, "మాస్టారూ, ఇంటికి ఒక్క మీటరుతో అవ్వదండి" అనెను. పాత అపార్టుమెంట్లలో పై ట్యాంకు నుండి వంటింటికి ఒక పైపు, ఒక్కొక్క స్నానాల గదికి ఒక్కొక్క పైపు అన్ని అంతస్తుల గుండా దిగును. ఇంటి యొక్క నీరంతయు ఒకచోట లోపలికి రాదు. గనుక ఫ్లాటుకు మూడు మీటర్లు కావలసివచ్చెను. మీరు క్రొత్తగా ఇల్లు కట్టుకొనుచున్నయెడల ఈ మాట మేస్త్రీతో ముందుగానే చెప్పుకొనండి. పై అంతస్తువారికి ఇంకొక కష్టము కలిగెను. ట్యాంకు వారి తలమీదనే ఉన్నందున ఒత్తిడి తక్కువ. మీటరులోని చిన్న జల్లెడలో ఇసుక చేరి షవరు నుండి నీరు సన్నగిల్లెను. ఆ జల్లెడను అప్పుడప్పుడు విప్పి కడుగవలెను. కొనునప్పుడు ఐ.యస్.ఐ. గుర్తు చూడండి. మీటరు మీది బాణపు గుర్తు నీరు పోవు వైపునకే ఉండవలెను.

మీటరు చదువుట కష్టము కాదు. నల్ల అంకెలు యూనిట్లు. ఒక యూనిట్టు వెయ్యి లీటర్లు, అనగా ఇరువది లీటర్ల క్యానులు ఏబది. ఎర్ర గుర్తులు వందలు, పదులు, లీటర్లు. నడుమ నక్షత్రము వంటి చిన్న చక్రము ఒకటి ఉండును. అన్ని పంపులు కట్టివేసినను అది తిరుగుచున్నదా, ఎక్కడనో నీరు కారుచున్నదని అర్థము.

మొదటి నెల లెక్క వచ్చినది. ఏడుగురున్న ఆ కుటుంబము 24 యూనిట్లు. మామ్మగారు 4. నలుగురమే ఉన్న మా యిల్లు 31.

మీటరు తప్పని నేను వెంటనే అంటిని. వాచ్‌మన్ ఇరువది లీటర్ల బకెట్టు తెచ్చి అయిదు మారులు నింపెను. మీటరు సరిగా వంద లీటర్లు తిరిగెను. పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్లు అని ప్రభుత్వమువారి ప్రమాణము. ఆ లెక్కన నలుగురికి నెలకు 16 యూనిట్లు చాలును. ఆ రాత్రి అందరు పండుకొన్న తరువాత టార్చిలైటు పట్టుకొని చూచితిని. నక్షత్రము మెల్లగా తిరుగుచునే ఉన్నది. ఉదయమున మా ఆవిడ బట్టలకు పెట్టు నీలిమందు రెండు చుక్కలు ఫ్లష్ ట్యాంకులో వేసెను. మీట నొక్కకుండానే కాసేపటికి క్రింద బేసిను నీలముగా మారెను. లోపలి రబ్బరు పాడైనది. శబ్దము లేదు, తడి లేదు. ఎంత కాలము నుండి పోవుచున్నదో! రబ్బరు మార్చిన తరువాతి నెల మా లెక్క 17.

మూడవ అంతస్తుకు వెళ్ళి క్షమాపణ అడుగుట కష్టమే గాని అది పది నిమిషములలో అయిపోయెను. వారు టీ ఇచ్చిరి. మామ్మగారి సంగతి అంత సుళువు కాదు. ఆరేండ్లుగా ఆమె మా నీళ్ళకు కూడ డబ్బు కట్టినది. కమిటీలో ఈ మాట ఎత్తగా, "పాతవి ఇప్పుడెందుకు తవ్వుతారండీ" అనిరి. తూనికలు కొలతలలో మోసమును బైబిలు గ్రంథము ఎంత గట్టిగా ఖండించునో నేనే ఎన్నోమారులు చెప్పియున్నాను. కొలతయే లేనప్పుడు ఆ తప్పు మోసమగునా కాదా అని మాత్రము నేనెన్నడును ఆలోచించలేదు. నా వంతు లెక్క కట్టి కవరులో పెట్టి తీసికొనిపోతిని. "వద్దులే బాబూ" అనునని లోలోపల ఎదురుచూచితిని. ఆమె అనలేదు. కవరు విప్పి, రెండుమారులు లెక్కపెట్టి, బీరువాలో దాచి, తరువాత కూర్చోమనెను.

ఇప్పుడు మోటారు కరెంటు, వాచ్‌మన్ జీతము సమానముగా పంచుకొనుచున్నాము. నీటికి మాత్రము మీటరు ప్రకారము. హైదరాబాదులో 2021 జనవరిలో జలమండలి వారు ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమని ప్రారంభించినప్పుడు, మురికివాడలు తప్ప మిగిలినవారు పనిచేయు మీటరు చూపవలసియుండెను. దానము చేయుటకైనను కొలత కావలసి వచ్చెను.

అయితే మీటరు ఏది చెప్పినను వేదవాక్కు అనుకొనవద్దు. మునిసిపల్ లైనుకే మీటరున్నవారు ఒకటి గమనించండి. ఉదయము, సాయంత్రము మాత్రమే నీరు వదలు చోట ఖాళీ పైపులోని గాలి ముందుగా దూసుకొని వచ్చును. ఆ గాలికి కూడ మీటరు తిరుగును. పంపు బుసకొట్టుచుండగా అంకెలు కదలుచున్నయెడల దానిని వ్రాసిపెట్టుకొని అధికారులకు తెలుపుట మీ హక్కు. మీటరు మీ మీదనే కాదు, నీరిచ్చువారి మీద కూడ లెక్కయే.

ఈ నెల మామ్మగారి మీటరు 6 చూపినది. ఎందుకు పెరిగెనని అడిగితిని. "మా మనవరాలు చంటిపిల్లాడితో వచ్చింది బాబూ, గుడ్డలు ఉతుక్కోవద్దూ" అనెను. డబ్బు చెల్లించి రసీదు అడిగి తీసికొనెను.