మంచినీళ్ల ప్లాంటు కడగడంలో మేం నేర్చుకున్నది
(సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు ప్రసంగం)



మాది దివిసీమ. కాలవ కట్టేస్తే మాకు బోరు నీళ్లే గతి. సముద్రం దగ్గర కాబట్టి అవి ఉప్పు. అందుకే మా సంఘం ఆర్వో ప్లాంటు నడుపుతోంది. క్యాన్ల డబ్బుతోనే కరెంటు బిల్లు, అప్పు కిస్తీ కట్టుకుంటున్నాం.

పోయిన ఎండాకాలం నీళ్లు సన్నగా రావడం మొదలైంది. ట్యాంకు కడిగినట్టే కడుగుదామని బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు మెంబ్రేన్‌లోకి పంపాం. ధార పెరిగింది. బాగుపడిందని సంతోషపడ్డాం. కొన్నాళ్లకి "అక్కా, టీ ఉప్పగా ఉంటోందే" అని ఇళ్లల్లో అడిగారు. టీడీఎస్ మీటరు పెడితే 500 దాటింది. పొర పాడై, నీళ్లతో పాటు ఉప్పు కూడా దాటిపోతోందన్న మాట. విజయవాడ నుంచి కొత్త మెంబ్రేన్లు తెచ్చాం. పొదుపు డబ్బు దానికే పోయింది. తప్పు మాదే.

బ్లీచింగ్‌లో ఉన్న క్లోరిన్ ట్యాంకుకి మంచిది, మెంబ్రేన్ పొరకి విషం. బట్ట మీద మరకేంటో చూసి సబ్బో నిమ్మకాయో వాడతాం కదా, ఇదీ అంతే.

తెల్లగా, గట్టిగా గార పట్టి, దాని మీద నిమ్మ ఉప్పు నీళ్లు వేస్తే నురగ వస్తే అది సున్నం. ఎర్రగా ఉంటే ఇనుము తుప్పు. ఈ రెంటికీ నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ సరిపోతుంది. 100 లీటర్లకి 2 కిలోలు. జిగటగా, వాసనగా ఉంటే పాచి. దానికి కాస్టిక్ సోడా, 100 లీటర్లకి 100 గ్రాములు. పీహెచ్ 12 దాటకూడదు. రెండూ ఉంటే ముందు కాస్టిక్, బాగా కడిగాక నిమ్మ ఉప్పు. కలపడానికి ఫిల్టరైన నీళ్లే వాడాలి. మెంబ్రేన్ కంపెనీ కాగితంలో ఉన్న హద్దులు చూసుకోవాలి.

చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. నీళ్లలో మందు వేయాలి గానీ, మందు మీద నీళ్లు పోయకూడదు. బ్లీచింగ్‌నీ యాసిడ్‌నీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. కడిగాక మొదట వచ్చే నీళ్లు పారబోయాలి, క్యాన్లలో పట్టకూడదు.

ఇప్పుడు రోజూ ధార, టీడీఎస్ పుస్తకంలో రాస్తున్నాం. గంటకి 500 లీటర్లు వచ్చేది 450కి పడితే కడిగే రోజు వచ్చినట్టే. ఆలస్యం చేస్తే గార గట్టిపడి వదలదు.

లెక్కల పుస్తకం ఎలా రాసుకుంటామో, నీళ్ల పుస్తకం కూడా అలాగే రాయండి. మా నష్టం మీకు రాకూడదనే ఇదంతా చెప్పాం. సెలవు.