అమెరికా రాష్ట్రముల రాజ్యాంగములు, పిల్లల బడి హక్కు

(పాఠశాల వార్షికోత్సవ సభయందు తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మొన్న సంఘ సమావేశము ముగిసి మెట్లు దిగుచుండగా ఒక తండ్రిగారు మమ్ము ఆపి, "అయ్యా, మన బడికి రక్షణ రాజ్యాంగములోనే వ్రాసియున్నది గదా, ఇంకను మీకీ ఆరాటమెందులకు?" అని అడిగిరి. అప్పటికి మేము నవ్వి ఊరకుంటిమి. ఇంటికి వచ్చిన పిదప ఆ ప్రశ్న మమ్ము నిద్రపోనీయలేదు. దానికి సమాధానమును దూరదేశమైన అమెరికా నుండి తెచ్చి చెప్పుటకు పెద్దలు అనుమతింపవలెను. మన సంగతి మనము మాటలాడుకొన్నపుడు కోపతాపములు ముందుగా వచ్చును. పరుల కథయైనచో మనస్సు నిలుకడగా వినును.

అమెరికాలో రాజ్యాంగము ఒకటి గాదు, ఏబది యొకటి. సమాఖ్యకు ఒకటి, 50 రాష్ట్రములకు తలకొకటి. వీనిలో కొన్ని సమాఖ్య రాజ్యాంగము కంటె వయస్సున పెద్దవి. మసాచుసెట్స్ రాష్ట్రపు రాజ్యాంగమును జాన్ ఆడమ్స్ వ్రాసెను. అది 1780లో అమలులోనికి వచ్చి, పెక్కు సవరణలతో నేటికిని నడచుచున్నది. సమాఖ్య రాజ్యాంగము వ్రాయబడినది 1787లో. ఆడమ్స్ తన రచనలో విద్యను పోషించుట, ఊరి బడులను కాపాడుట శాసనసభ్యుల కర్తవ్యమని ఒక అధ్యాయమే చేర్చెను. సమాఖ్య రాజ్యాంగములోనో, విద్య యను మాటయే లేదు! ఎంత వెదకినను కానరాదు. కావున అమెరికాలో ఒక బిడ్డకు బడి హక్కు ఎచ్చటనున్నదని అడిగినచో, వాషింగ్టను వైపు గాక, వాని రాష్ట్ర రాజధాని వైపు చూడవలెను.

ఈ రెంటికిని గల సంబంధమును ఇట్లు చెప్పుకొనవచ్చును. సమాఖ్య రాజ్యాంగము పునాది. దానిపై రాష్ట్రము ఇష్టమైనంత ఎత్తున మేడ కట్టుకొనవచ్చును గాని పునాదిని త్రవ్వరాదు. రాష్ట్ర న్యాయస్థానము తన రాష్ట్ర రాజ్యాంగమును మాత్రమే ఆధారముగా గొని తీర్పు చెప్పి, ఆ సంగతిని స్పష్టముగా వ్రాసినచో, సమాఖ్య సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరుగదోడదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం బ్రెనన్ 1977లో ఒక ప్రసిద్ధ వ్యాసము వ్రాసి, రాష్ట్ర న్యాయస్థానములు తమ యింటి రాజ్యాంగములను మరువరాదని హెచ్చరించెను. ఆయన అంతకు పూర్వము న్యూజెర్సీ రాష్ట్రపు ఉన్నత న్యాయపీఠముపై కూర్చున్నవాడే గనుక ఆ మాటకు బరువు కలిగెను.

ఇక ఒక తండ్రి కథ. టెక్సాసు రాష్ట్రములో శాన్ అంటోనియో నగరమున ఎడ్జ్‌వుడ్ అను పేట కలదు. అచ్చటి బడులలో చదువు పిల్లలలో నూటికి తొంబది మంది మెక్సికను సంతతివారు. దెమెత్రియో రోద్రిగెజ్ అను రేకుపనివాడు తన బిడ్డలను అచ్చటికే పంపుచుండెను. ఆ దేశమున బడుల ఖర్చులో పెద్ద భాగము స్థానికమైన ఆస్తిపన్ను నుండి వచ్చును. 1967–68లో ఎడ్జ్‌వుడ్ వారికి, అన్ని మూలములనుండి వచ్చినది కలిపినను, తలకు 356 డాలర్లు దక్కెను. అదే నగరములోని ఆలమో హైట్స్ అను సంపన్నుల పేటకు 594 డాలర్లు. ఇందులో విచిత్రమేమనగా, పేదపేటవారే ఎక్కువ రేటున పన్ను కట్టుచుండిరి. నూరు డాలర్ల విలువగల ఆస్తికి వారు 1 డాలరు 5 సెంట్లు కట్టగా, ధనికులు 85 సెంట్లు మాత్రమే కట్టుచుండిరి. ఇండ్లు చవుక గనుక ఎంత పిండినను పాలు రాలేదు.

1968లో రోద్రిగెజ్, మరికొందరు తల్లిదండ్రులు దావా వేసిరి. అది సుప్రీంకోర్టుకు ఎక్కినది. 1973 మార్చి 21న అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలువగా వాదులు ఓడిరి. సమాఖ్య రాజ్యాంగము విద్యను ప్రాథమిక హక్కుగా చెప్పలేదని తీర్పు వచ్చెను. భిన్నాభిప్రాయము వ్రాసిన తర్‌గుడ్ మార్షల్ తన తీర్పు అడుగున ఒక చిన్న సూచిక చేర్చెను: ఈ తీర్పు రాష్ట్ర రాజ్యాంగముల క్రింద విచారణకు అడ్డు రానక్కరలేదని. పెద్ద వాకిలి మూసినవాని పక్కన నిలిచి, పెరటి తలుపు చూపినట్లయినది.

టెక్సాసు రాజ్యాంగము 1876 నాటిది. దానిలో సమర్థమైన ఉచిత పాఠశాలల వ్యవస్థను ఏర్పరచి నడపుట శాసనసభ కర్తవ్యమని యున్నది. ఎడ్జ్‌వుడ్ వారు ఆ ఒక్క వాక్యమును పట్టుకొని రాష్ట్ర న్యాయస్థానమునకు పోయిరి. 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురును ఏకగ్రీవముగా వారి పక్షమున తీర్పు చెప్పిరి. మిక్కిలి ధనిక మండలమునకును మిక్కిలి పేద మండలమునకును తలకు గల ఆస్తి విలువలో వ్యత్యాసము ఏడువందల రెట్లని ఆ తీర్పులోనే కలదు. అయినను కథ ముగియలేదు. శాసనసభ తెచ్చిన మార్పులను కోర్టు 1991లోను 1992లోను మరల కొట్టివేసెను. 1993లో చేసిన చట్టము 1995లో నిలిచినది. మొదటి దావా నాటినుండి లెక్కించిన 27 సంవత్సరములు. రోద్రిగెజ్ బిడ్డలు ఆ లోపల పెరిగి పెద్దవారైరి. గెలుపు వారికి గాక, వారి వెనుక వచ్చినవారికి దక్కినది.

రాష్ట్ర రాజ్యాంగము ఎల్లప్పుడు పేదవాని చుట్టమని మేము చెప్పుట లేదు. అట్లు చెప్పినచో అసత్యమగును. అలబామా రాష్ట్రపు 1901 రాజ్యాంగము నల్లవారి ఓటు తీసివేయుటకే వ్రాయబడినది. తెల్లవారికి, నల్లవారికి వేరువేరు బడులుండవలెనని అందు కలదు. అట్టి బడులు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, 1956లో ఆ రాష్ట్రమువారు తమ రాజ్యాంగమును సవరించి, ప్రభుత్వ ధనముతో విద్య పొందు హక్కు ఎవ్వరికిని లేదని వ్రాసికొనిరి. నలుపు తెలుపు పిల్లలు కలిసి కూర్చొనుట కంటె బడి హక్కే లేకుండుట మేలని తలచిరి గాబోలు! వేరుబడుల మాటలు ఆ గ్రంథమునుండి తొలగినది 2022లో. (ఆ గ్రంథము 900కు పైగా సవరణలతో మన రాజ్యాంగమునకు రెట్టింపునకు మించి పెరిగినది. మన రాజ్యాంగము పొడవని ఆక్షేపించువారు దానిని ఒకసారి చూడవలెను.)

నెబ్రాస్కాలోను అంతే. మొదటి ప్రపంచయుద్ధపు వేడిలో 1919లో ఆ రాష్ట్రము ఎనిమిదవ తరగతి గడువని పిల్లలకు ఇంగ్లీషు తప్ప మరియొక ఆధునిక భాష నేర్పరాదని చట్టము చేసినది. 1920లో రాబర్ట్ మేయర్ అను ఉపాధ్యాయుడు ఒక లూథరను బడిలో పదియేండ్ల బాలునికి జర్మను చదివించుచు పట్టుబడెను. 25 డాలర్ల జుల్మానా వేసిరి. రాష్ట్ర సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. 1923లో సమాఖ్య సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసి, బిడ్డకు ఏమి నేర్పించవలెనో కోరుకొను స్వేచ్ఛ తల్లిదండ్రులకు కలదనెను. ఒకచోట పునాది కాపాడును, ఒకచోట మేడ కాపాడును. రెండును ఉండుట వలన బాధితునికి తట్టుటకు రెండు తలుపులు దొరకుచున్నవి.

ఇప్పుడు భాష సంగతికి వత్తము. ఇది మనకు మిక్కిలి దగ్గరిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు బరంపురమునందలి మన పెద్దలు ఇల్లు కదలలేదు. మద్రాసు రాజధానిలో నిద్రించి ఒరిస్సాలో మేల్కొనిరి. సరిగా ఇట్టిదే 1848లో కాలిఫోర్నియా, న్యూ మెక్సికో ప్రాంతములలోని స్పానిష్ భాషీయులకు జరిగినది. మెక్సికో దేశము యుద్ధములో ఓడి సంధి చేసికొనగా సరిహద్దు వారిని దాటి దక్షిణమునకు పోయినది.

కాలిఫోర్నియావారు 1849లో మొదటి రాజ్యాంగము వ్రాసినపుడు, చట్టములన్నియు ఇంగ్లీషులోను స్పానిష్‌లోను ప్రకటింపవలెనని నియమము పెట్టిరి. పాత నివాసులైన సభ్యులు కొలదిమందియే యైనను వారి మాట చెల్లినది. కాని ఆ నియమమునకు ప్రత్యేకమైన తాళమేదియు వేయలేదు. బంగారము కొరకు వచ్చిన జనసముద్రములో పాతవారు అల్పసంఖ్యాకులైరి. 1879లో రెండవ రాజ్యాంగము వచ్చినది. చట్టములు ఇంగ్లీషులో తప్ప మరి యే భాషలోను ప్రకటింపరాదని అందు వ్రాసిరి. ముప్పది యేండ్లలో ఆ హక్కు నిషేధముగా మారినది.

న్యూ మెక్సికోవారు మరింత జాగరూకులు. 1910లో వ్రాసి 1912లో అమలుపరచిన వారి రాజ్యాంగములో, స్పానిష్ మాటలాడు పిల్లలకు బోధింపగల ఉపాధ్యాయులను రెండు భాషలలో తయారుచేయవలెనని, స్పానిష్ సంతతి పిల్లలను వేరు బడులలో ఉంచరాదని వ్రాసిరి. అంతతో తృప్తిపడక ఆ నిబంధనలకు తాళము వేసిరి. వానిని మార్చవలెనన్నచో శాసనసభలు రెంటను నాలుగింట మూడు వంతుల సభ్యులు, రాష్ట్రమంతట ఓటు వేసినవారిలో నాలుగింట మూడు వంతులు, ప్రతి కౌంటీలోను మూడింట రెండు వంతులు ఒప్పుకొనవలెనని మొదటి పాఠములోనే కలదు. ఇంత గట్టి తాళము మేము మరెచ్చటను చదువలేదు.

అయినను తాళము వేసినంత మాత్రమున ఇంటిలో దీపము వెలుగదు గదా. నిబంధన చెక్కుచెదరలేదు, కాని ఏండ్ల తరబడి పలుబడులలో ఆ భాష మాటలాడిన పిల్లలు దండనలు తినిరి. 2014లో ఆ రాష్ట్రమున కొందరు తల్లిదండ్రులు రెండు దావాలు వేసిరి. వారిలో నావహో తెగకు చెందిన తల్లి ఒకామె. అందరు పిల్లల విద్యకును చాలినంత పాఠశాలా వ్యవస్థ ఉండవలెనని రాజ్యాంగములో నున్న వాక్యమే వారి ఆధారము. 2018 జూలైలో శాంటా ఫే న్యాయస్థానము, ఆదివాసుల పిల్లలకు, ఇంగ్లీషు నేర్చుకొనుచున్నవారికి, పేదలకు, వికలాంగులకు రాష్ట్రము ఆ బాధ్యత నెరవేర్చలేదని తీర్పు చెప్పినది. డబ్బు లేదను జవాబును అంగీకరింపలేదు. 2020లో రాష్ట్రము కేసును మూసివేయుమని కోరగా కోర్టు ఒప్పుకొనలేదు.

హవాయి ద్వీపములలో 1896 నాటి చట్టము ఇంగ్లీషునే బోధనాభాషగా చేసి హవాయి భాషను బడినుండి వెళ్లగొట్టినది. 1978లో వారి రాష్ట్ర రాజ్యాంగమునకు సవరణలు జరిగి, ఆ భాష అధికార భాష యైనది. దానిని పాఠశాలలలో బోధించుట ప్రభుత్వ విధి యైనది. లనాయి అను చిన్న ద్వీపములో ఒక తల్లి తన కుమార్తెలిద్దరిని హవాయి మాధ్యమమున చదివింపగోరినది. అచ్చట ఉపాధ్యాయుడు దొరకలేదని అధికారులు చెప్పిరి. ఈ మాట మనకెంత పరిచితము! 2019లో హవాయి సుప్రీంకోర్టు, అట్టి విద్య అందించుటకు సహేతుకమైన ప్రయత్నములన్నియు రాష్ట్రము చేయవలసినదేనని తీర్పునిచ్చెను. ఉపాధ్యాయుడు లేడనుట సమాధానము గాదు, వెదకుట మొదలుపెట్టవలసిన చోటు మాత్రమే.

మన దేశమున రాష్ట్రములకు వేరు రాజ్యాంగములు లేవు. జమ్మూ కాశ్మీరమునకు 1957 నుండి 2019 వరకు ఉండెడిది, ఇప్పుడు లేదు. కావున మనకు తట్టుటకు ఒక్కటే తలుపు. దానిలో 29, 30 అధికరణములు ప్రాథమిక హక్కులు. 1956లో ఏడవ సవరణతో వచ్చిన 350ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింపగ రాష్ట్రములు ప్రయత్నింపవలెననును. టెక్సాసులో "కర్తవ్యము" అని యున్నచోట మనకు "ప్రయత్నము" అని యున్నది. ఆ రెండు మాటల నడుమ ఎంత యెడము కలదో, తెలుగు వాచకములు దసరా సెలవులు దాటిన పిదప చేరిన సంవత్సరమున మనమందరము చూచితిమి.

మెట్లమీద ప్రశ్నించిన తండ్రిగారికి మేమిప్పుడు చెప్పునదిది. 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక నియమము చేసినది. పాఠశాల మొత్తముమీద 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఒక భాష పిల్లలున్నచో, ఆ భాషలో బోధించుటకు కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని. వచ్చు వేసవికి మన తెలుగు పండితులు పదవీవిరమణ చేయుచున్నారు. ఆ స్థానమును నింపుమని దరఖాస్తు పెట్టుటకు పిల్లల పట్టిక జతచేయవలెను. దానికై మేము ఈ సంవత్సరపు ప్రవేశపత్రములు తిరుగవేసితిమి. "మాతృభాష" అను గడిలో కొందరు ఏమియు వ్రాయలేదు. ఇంటిలో తెలుగే మాటలాడువారు కొందరు, బిడ్డకు ముందుముందు మేలని తలచి కాబోలు, వేరుగా వ్రాసిరి. మొదటి తరగతిలో తెలుగని వ్రాసినవారు తొమ్మండుగురు.

ఆ పత్రములు ప్రధానోపాధ్యాయులవారి గదిలో నున్నవి. సరిచూచుకొనదలచినవారు రేపు ఉదయము పది గంటలకు రావచ్చును. మేము కూడ అచ్చటనే యుందుము.