పచ్చని చేలో పసుపు మొక్క



వరి కోతకు ముందు మనం చల్లిన మినుముకు ఇరవై రోజులు వచ్చాయి. మన కృష్ణా డెల్టాలో ఏ ఊరు చూసినా ఇప్పుడు ఇదే పైరు. ఈ రోజుల్లోనే చేలో ఒక పని ఉంది. అది చెప్పడానికే నిలబడ్డాను.

నిరుడు నా ఎకరం సంగతి మీకు తెలుసు. ముందు ఒక మూల నాలుగు మొక్కలు పసుపు తిరిగాయి. పీకేద్దామని వంగాను. చేతులు రాలేదు. ఎదిగిన మొక్క కదా, రెండు కాయలైనా కాయదా అనుకున్నాను. మా ఆయన పట్నం పోయి మందు తెచ్చాడు. "పసుపు పోతుంది" అన్నాడట కొట్టాయన. అప్పు పెట్టి తెచ్చి రెండుసార్లు కొట్టాం. పసుపు పోలేదు. నెల తిరిగేసరికి సగం చేను పసుపైంది. పూత లేదు, కాయ లేదు. మినుము పండించే ఇంట్లో మినప్పప్పు కొనుక్కున్నాం.

దీన్ని పల్లాకు తెగులు అంటారు. పెసరకూ వస్తుంది. ఇది పురుగు కాదు, బూజు కాదు. వైరస్. కంటికి కనపడదు. ఒకసారి మొక్కలో చేరిందంటే నయం చేసే మందు లేదు. కొట్లో లేదు, మన వేపలోనూ లేదు. ఈ మాట ముందే చెబుతున్నాను.

మరి వేప ఎందుకు? తెల్లదోమ కోసం. మొక్కను కాస్త కదపండి. ఆకు అడుగు నుంచి తెల్లగా, నూక కన్నా చిన్నగా లేస్తాయి. అవే. జబ్బు మొక్క రసం పీల్చి, పోయి మంచి మొక్క మీద వాలతాయి. జబ్బును మోసేది ఆ దోమే. మన చేతులకు అంటుకుని పోదు. భయపడకుండా పీకండి. పీకి గోతిలో పూడ్చండి. గట్ల మీద కలుపు కూడా తీసెయ్యండి. దోమ అక్కడా బతుకుతుంది.

ఇక కషాయం. వేసవిలో ఏరి, కడిగి, నీడన ఆరబెట్టిన వేపగింజలు మనలో చాలామంది ఇళ్లల్లో ఉన్నాయి. బూజు పట్టినవి వద్దు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. అందరం చదువుదాం.

వేపగింజల పప్పు 5 కిలోలు.
నీళ్లు 10 లీటర్లు.

పప్పు దంచి, పొడిని గుడ్డలో మూటకట్టి, రాత్రంతా ఆ నీళ్లలో నానబెట్టాలి. పొద్దున మూటను బాగా పిసికి, పల్చని గుడ్డతో వడకట్టాలి. వడకట్టకపోతే పంపు ముక్కు పూడుకుపోతుంది. నాకు తెలుసు, ఒక పూటంతా దాంతోనే సరిపోయింది! 100 గ్రాముల సబ్బు పొడి కలపండి. మొత్తం 100 లీటర్లు అయ్యేదాకా నీళ్లు పొయ్యండి. సబ్బు ఉంటేనే మందు ఆకుకు అంటుతుంది. సాయంత్రం కొట్టండి. ఎండకు వేప బలం తగ్గిపోతుంది. ఆకు అడుగు తడవాలి. పైన తడిపితే దోమకేం? పది రోజులకు మళ్లీ కొట్టాలి. దీంతో దోమ ఒక్కటీ లేకుండా పోదు. తగ్గుతుంది. అందుకే పీకే పని మానకూడదు.

తెల్లదోమకు పసుపు రంగంటే ఇష్టం. పాత డబ్బాకు పసుపు రంగు వేసి, ఆముదం పూసి, పైరుకు కొంచెం పైన కర్రకు కట్టండి. వచ్చి అంటుకుంటాయి. రెండు రోజులకోసారి తుడిచి మళ్లీ ఆముదం పుయ్యాలి.

వచ్చే ఏడు విత్తనం కొనేటప్పుడు సంచి మీద పేరు చదవండి. ఎల్.బి.జి. 787, టి.బి.జి. 104 ఈ తెగులును తట్టుకునే రకాలు. అసలు రాదని కాదు, తక్కువ వస్తుంది. నిరుడు నాకు చదవడం రాదు. కొట్టాయన ఇచ్చిందే తెచ్చుకున్నాను.

రేపు పొద్దున్నే ముందు నా చేలోకి పోదాం. మొన్న గట్టు పక్కన రెండు పసుపు మొక్కలు చూశాను. పసుపు రంగు మా ఇంట్లో ఉంది. పాత నూనె డబ్బాలు మీరు తెండి.