నిరాశ్రయుల వసతి గృహములలో మన సేవ



2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో 17 లక్షలకు పైగా ప్రజలకు ఇల్లు లేదు. రాత్రివేళ మన రైల్వే సోదరులు ప్లాట్‌ఫారము నుండి లేపి పంపవలసి వచ్చునది వారినే. చిరునామా లేక మన తపాలా సోదరులు ఉత్తరము అందజేయలేనిదీ వారికే.

డ్యూటీ ముగిసిన పిదప వసతి గృహమునకు వెళ్లి మనమేమి పొందుచున్నామని కొందరడుగుచున్నారు. అన్నము వడ్డించి, పింఛను దరఖాస్తు వ్రాసి యిచ్చు వేళ, వారిలో అనేకులు మనవంటి శ్రామికులేననియు, జబ్బో, అప్పో, పని పోవుటయో వారిని వీధిపాలు చేసినదనియు గ్రహించుచున్నాము. మనకు దక్కునది పుణ్యము కాదు, బంధుత్వము.

లక్ష పట్టణ జనాభాకు కనీసము నూరుమందికి శాశ్వత ఆశ్రయము ఉండవలెనని 2013లో కేంద్ర ప్రభుత్వమే నియమము చేసినది. మన సేవ ఆ బాధ్యతకు బదులు కారాదు. దానిని నెరవేర్చుమని అడుగు గొంతుకు బలము కావలెను.